డాబా మీది ఎండ: ఒడిశా సరిహద్దు ఇళ్లలో సోలార్ కరెంటు, సోలార్ వేడినీళ్లు

బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా తెలుగు మాట్లాడే ఇళ్లలో "సోలార్ పెట్టించాలి" అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. ఒకరికి కరెంటు బిల్లు తగ్గాలి. ఇంకొకరికి కరెంటు పోయినా ఫ్యాను తిరగాలి. మరొకరికి పొద్దున్నే వేడినీళ్లు కావాలి. మూడింటికీ సామాను వేరు, ఖర్చు వేరు. ఇందులో మీకు ఏది కావాలో తేల్చుకోకుండా బేరానికి దిగితే, బిల్లు తగ్గించే సామాను కొని తుఫాను రాత్రి దీపం వెలిగించుకుని కూర్చోవలసి వస్తుంది. డాబా నిండా ప్యానెళ్లుండి ఇంట్లో చీకటేమిటని అడిగేవాళ్లు ప్రతి అక్టోబరులోనూ కనిపిస్తారు. తప్పు ఎండది కాదు, ఎంపికది.

ప్యానెల్ చేసే పని చిన్నదే. వెలుతురు పడితే సిలికాన్ గడుల్లో కరెంటు పుడుతుంది. ఒక్కో గడి ఇచ్చేది అర వోల్టు పైచిలుకు, అలాంటివి వరసగా కలిపితే ఒక ప్యానెల్. వచ్చేది బ్యాటరీలో ఉండేలాంటి డీసీ కరెంటు. దాన్ని ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసీగా మార్చేది ఇన్వర్టరు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురే, వేడి కాదు. వేడి దానికి చేటు కూడా. గడి వేడి 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం పడిపోతుంది. రోహిణి కార్తెలో ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు కరెంటు అక్కడే పోయినట్టు. అందుకే మే నెల మండుటెండలో కన్నా మార్చిలో ఎక్కువ యూనిట్లు వచ్చే ఇళ్లుంటాయి. మీటరు చూసి కంగారు పడనక్కర్లేదు.

నీళ్ల హీటరు సంగతి దీనికి పూర్తిగా వేరు. దానికి కావలసిందే వేడి. అందులో కరెంటు ఊసే లేదు. దాని గురించి తర్వాత వివరంగా చూద్దాం.

ఎన్ని కిలోవాట్లు?

గడచిన 12 నెలల బిల్లులు తీసి యూనిట్లు కూడండి. ఈ ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు 120 దాకా ఇస్తాయి. సగటు వాడకం నెలకు 240 ఉంటే 2 కిలోవాట్లు, 350 దాటితే 3. ఆషాఢ శ్రావణాల్లో ఇందులో సగమే రావచ్చు, ఫిబ్రవరి మార్చి నెలల్లో ఎక్కువ వచ్చి ఆ లోటు కొంత పూడుతుంది. నెట్ మీటరు (లైనుకు ఇచ్చినవీ, లైను నుంచి తీసుకున్నవీ రెండూ లెక్కించేది) ఉంటే మిగిలిన యూనిట్లు తర్వాతి బిల్లుకు జమ పడతాయి కాబట్టి నెలవారీ హెచ్చుతగ్గులతో పేచీ లేదు.

బిల్లును సున్నా చేసేద్దామని చాలామంది ఆశపడతారు. గృహ టారిఫ్ శ్లాబుల్లో నడుస్తుంది, వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. సోలార్ ముందు కోసేది పై శ్లాబులో ఉన్న ఖరీదైన యూనిట్లనే. కింది శ్లాబులో చవక యూనిట్ల కోసం మరో కిలోవాట్ పెంచితే పెట్టుబడి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. పైగా కేంద్ర సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది. కారు చార్జింగో, రెండు ఏసీలో ఉంటే తప్ప సాధారణ సంసారానికి 3 కిలోవాట్లు మించనక్కర్లేదు.

మార్కెట్లో దొరికే 540 వాట్ల ప్యానెల్ పొడవు సుమారు 2.28 మీటర్లు, వెడల్పు 1.13, బరువు 28 కిలోల దరిదాపు. ఆరు ప్యానెళ్లంటే 3.24 కిలోవాట్లు. నడిచే దారితో కలిపి 300 చదరపు అడుగుల డాబా కావాలి.

నీడ, వాలు

డిసెంబరు మూడో వారంలో పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా డాబా మీద ఎక్కడ నీడ పడుతుందో సుద్దముక్కతో గీయండి. ఏడాదిలో నీడ ఉత్తరానికి బాగా సాగే రోజులవే. డిసెంబరు దాకా ఆగలేకపోతే ఈ కొలత పాటించండి: దక్షిణాన, తూర్పున, పడమర ఉన్న అడ్డం (పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు) ప్యానెల్ కింది అంచు కన్నా ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం వదలాలి. కొబ్బరాకు నీడ సన్నగానే ఉందని తీసిపారేయకండి. ప్యానెల్‌లో గడులు మూడు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపులో ఒక్క గడికి గట్టి నీడ పడినా ఆ గుంపు మొత్తం పక్కకు తప్పుకుంటుంది. నీడ జానెడే, నష్టం మూడో వంతు.

ముఖం దక్షిణానికి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం అన్నీ 19 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి 15 నుంచి 19 డిగ్రీల వాలు సరిపోతుంది. ఛత్రపురం, గోపాలపురం వైపు తీరంలో మాత్రం 10 నుంచి 12 డిగ్రీలకే దించడం మేలు. ఉత్పత్తిలో తగ్గేది లెక్కలోకి రానంత, గాలి తాకిడిలో తగ్గేది మాత్రం చాలా. 10 కన్నా దించకండి, వాన నీరు జారక కింది అంచున మట్టి పేరుకుపోతుంది.

గాలికి నిలబడాలి

ఈ జిల్లాల్లో సోలార్ మనుగడ ప్యానెల్ కంపెనీ మీద కన్నా కింది ఇనుము మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను కొండల దాకా ఊడ్చింది. "మాది తీరం కాదు కదా" అన్న ధీమా పర్లాకిమిడి వాళ్లకు అప్పటితో చెల్లిపోయింది.

లెక్క ఇలా వేయండి. సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలంతో తోస్తుంది. ఒక ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్ల పైన. ఆరింటి మీద కలిపి రెండు టన్నులు దాటుతుంది. ఆ ఆరు ప్యానెళ్ల సొంత బరువు 170 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మ ఒకటి 68 కిలోలు. ఎనిమిది దిమ్మలు పోసినా 550 కిలోలు దాటవు. దిమ్మలు పోసి కాళ్లు అందులో పాతేసి "కదలదు సార్" అనే పనివాడి మాట ఈ లెక్క ముందు నిలవదు. దిమ్మతోపాటు స్లాబులోకి బోల్టు దిగాలి.

దానికి 12 ఎంఎం కెమికల్ యాంకర్లు వాడాలి. స్లాబులో రంధ్రం వేసి, లోపలి పొడిని బ్రష్షుతో, గాలిపంపుతో పూర్తిగా తీసేసి, రెసిన్ నింపి బోల్టు దించాలి. పొడి తీయకుండా రెసిన్ పోస్తే అది దుమ్ముకు అతుక్కుంటుంది, కాంక్రీటుకు కాదు. బోల్టు చేత్తో లాగితేనే వచ్చేస్తుంది. స్లాబు మందంలో మూడింట రెండొంతులు మించి తొలవకండి. వీలైనన్ని కాళ్లు కింద దూలం ఉన్నచోట పడేలా చూసుకోండి, అక్కడ లోతు దొరుకుతుంది. బోల్టు చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత వేశాకే దిమ్మ పోయించండి, లేకపోతే మొదటి వానాకాలానికే కింది గది సీలింగు మీద మచ్చ కనిపిస్తుంది.

ఇనుము హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించడం) చేసిందై ఉండాలి, పూత 80 మైక్రాన్లు. సైటు మీద కోసి వెల్డింగు చేసి వెండిరంగు పెయింటు కొట్టిన చోట ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పొంగుతుంది. నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. సముద్రానికి దగ్గర ఇళ్లకు 316 గ్రేడు, లోపలి ఊళ్లకు 304 చాలు. ప్యానెల్‌కు నాలుగు క్లాంపులు, పొడుగు అంచుల మీద, కంపెనీ కాగితంలో చూపిన దూరంలో. క్లాంపు మూలకు జరిగితే గాలికి అద్దం మధ్యలో ఊగి పగులుతుంది.

డాబా మీద వడియాలు ఎండబెట్టుకునే చోటు పోకూడదని ప్యానెళ్లను పది అడుగుల ఎత్తు పందిరిలా వేయించుకునే వాడుక పెరిగింది. కొరాపుట్ వైపు పరవాలేదు. గంజాం తీరంలో అది తెరచాప. వేసి తీరాలంటే పందిరి కాళ్లు ఇంటి పిల్లర్ల ఊచలతోనే కలవాలి, అంచనా ఇంజనీరుతో వేయించాలి. సిమెంటు రేకుల కప్పు మీద మాత్రం ప్యానెళ్లు ఎక్కించవద్దు. పెంకుటిల్లయితే పెరట్లో నేల మీద స్టాండు వేయించుకోవడమే దారి.

తీగలు, ఎర్తింగు

ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ. ఏసీలో ఆర్క్ (తీగల సందులో గాలిలోంచి దూకే మంట) పుట్టినా చాలాసార్లు తనంతట ఆరిపోతుంది గానీ, డీసీలో పుడితే తేలిగ్గా ఆరదు, కాలుస్తూనే ఉంటుంది. ఇళ్లలో సోలార్ మంటలు ఎక్కువగా మొదలయ్యేది వదులుగా బిగించిన కనెక్టర్ల దగ్గరే. ఎండ తట్టుకునే సోలార్ డీసీ కేబులు 4 స్క్వేర్ ఎంఎం వాడాలి, మామూలు ఇంటి వైరు కాదు. ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. వాటిని క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, పట్టకారుతో కాదు. కేబుళ్లు స్లాబు మీద పడి ఉండకూడదు, ఇనుముకు స్టీలు టైలతో కట్టాలి. నైలాన్ టైలు రెండు వేసవులకు పుటుక్కుమంటాయి, కనెక్టరు వాననీటిలోకి జారుతుంది. వాన కురిసిన పొద్దున ఇన్వర్టరు "ఇన్సులేషన్" లోపం చూపించి, మధ్యాహ్నం ఆరాక మామూలుగా నడుస్తోందంటే ముందు వెతకవలసింది నీటిలో నానుతున్న ఆ కనెక్టర్నే.

ఇన్వర్టరుకు కలిపే ముందు మల్టీమీటరుతో స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లన్నిటి) వోల్టేజి చూడమనండి. ఒక్కో ప్యానెల్ ఖాళీ వోల్టేజి (దేనికీ కలపనప్పటిది) 49 అయితే ఆరుకు 294 దరిదాపు రావాలి. 245 వస్తే ఒక ప్యానెల్ కలవలేదు. ముందు మైనస్ గుర్తుంటే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. కలిపేస్తే ఇన్వర్టరు ప్రాణానికే ముప్పు. ఆపేటప్పుడు వరస ముఖ్యం: ముందు ఏసీ వైపు స్విచ్చి (ఎంసీబీ), తర్వాత ప్యానెళ్ల వైపు స్విచ్చి (డీసీ ఐసొలేటరు). కరెంటు పారుతుండగా ఎంసీ4 ఊడదీయడం చేతులు కాల్చుకోవడమే.

ఎర్తింగు గుంటలు మూడు: ప్యానెళ్ల ఇనుముకు ఒకటి, ఇన్వర్టరుకు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. ఒకదానికొకటి కనీసం మూడు మీటర్ల ఎడం. నిరోధం 5 ఓములు మించకూడదు, పరికరంతో కొలిచి కాగితం మీద రాయించుకోండి. కొరాపుట్, రాయగడ రాతినేలల్లో ఒక్క రాడ్‌తో ఇది రాదు. 3 మీటర్ల రాగిపూత రాడ్ చుట్టూ బెంటోనైట్ పొడి (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపినా చాలకపోతే రెండో రాడ్ దింపి కలపాలి. పాత పద్ధతి ఉప్పు-బొగ్గు గుంటలో ఉప్పు నాలుగు వానలకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ రాడ్‌ను తింటుంది. ఒడిశాలో పిడుగులు జాస్తి కాబట్టి డీసీ వైపూ ఏసీ వైపూ సర్జ్ రక్షణ పరికరాలు (పిడుగు పోటును భూమిలోకి మళ్లించేవి) తప్పనిసరి. వాటి కిటికీ ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారితే అది తన పని చేసి చచ్చిపోయిందని అర్థం, మార్చాలి.

ఇన్వర్టరును నీడపట్టున గోడకు, చుట్టూ అడుగు ఖాళీతో బిగించాలి. ఊరి చివరి లైన్ల మీద ఇళ్లకు ఒక తలనొప్పి ఉంది: నడి మధ్యాహ్నం ఎండ బాగా ఉండగానే ఇన్వర్టరు ఆగిపోతుంది. లైనులో వోల్టేజి 230కి పదో వంతు మించి పెరిగితే అది తప్పుకోవాలన్నది నియమం. ఇన్వర్టరు నుంచి మీటరు దాకా వైరు సన్నగా ఉంటే దానికది మరో మూడు నాలుగు వోల్టులు కలుపుతుంది. 3 కిలోవాట్లకు 20 మీటర్ల దూరమైతే 2.5 బదులు 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే ఆ పెరుగుదల సగానికి పైగా తగ్గుతుంది. అప్పటికీ ఇన్వర్టరు ఆగిపోతూనే ఉంటే లైనువైపు సర్దుబాటు కోసం కరెంటాఫీసుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి.

కరెంటు పోతే?

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు (బ్యాటరీ లేకుండా వీధి లైనుతో కలిసి నడిచేది) వీధి కరెంటు పోగానే ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ డాబా నుంచి కరెంటు కొట్టకుండా చేసిన ఏర్పాటది. దాన్ని ఏమార్చే ఉపాయం ఎవరైనా చెబితే వాళ్ల చేత పని చేయించకండి. డీజిల్ జనరేటరు పెట్టి దానికి ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరును కలపడమూ అంతే ప్రమాదం.

చీకటి వద్దనుకుంటే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. ఇల్లంతా కాదు, తప్పనివి లెక్కేయండి. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు రెండు పది గంటలు: 600 వాట్-గంటలు. 9 వాట్ల ఎల్‌ఈడీలు ఐదు, ఐదు గంటలు: 225. వైఫై పెట్టె రోజంతా: 240. ఫోన్లు: 50. మొత్తం 1,115 వాట్-గంటలు, అంటే 1.1 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లే, సగం కన్నా ఎక్కువ తోడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి అలాంటివి రెండు. లిథియం ఫాస్ఫేట్ అయితే 90 శాతం దాకా తోడొచ్చు, 2.5 యూనిట్లది రెండు రాత్రులు ఈదుతుంది. ఇంట్లో పాత 75 వాట్ల ఫ్యాన్లుంటే ముందు వాటిని మార్చండి, బ్యాటరీ పెంచడం కన్నా అది చవక.

ట్యూబులర్ బ్యాటరీలు కొనేటప్పుడు సీ10 రేటింగు (పది గంటల్లో తోడితే ఎంత ఇస్తుందన్నది) అడగండి. ఒకే 150 అంకె సీ20లో (ఇరవై గంటల్లో నిదానంగా తోడితే) చెబితే అసలు సత్తా అంతకు తక్కువే. రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోసిన బ్యాటరీ ఏడాదికే పడుకుంటుంది. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి దీపం వెలిగే దేవుడిగదిలో పెట్టకండి.

కాగితాలు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకూ ఆపైనా 78,000 రూపాయలు. జాతీయ పోర్టల్‌లో కన్స్యూమర్ నంబరుతో నమోదు, అందులోంచే వెండరు ఎంపిక, పని, తనిఖీ, నెట్ మీటరు, ఆ తర్వాత డబ్బు నేరుగా మీ ఖాతాకు. 10 కిలోవాట్ల దాకా సాధ్యత పరిశీలన (మీ లైను అంత మోయగలదా అని చూడడం) అడ్డంకి లేదు. దక్షిణ ఒడిశాకు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) టీపీఎస్ఓడీఎల్.

ఇక్కడ మన వాళ్లు చిక్కుకునే చోట్లు రెండు. ఒకటి, బిల్లు ఇంకా కాలం చేసిన నాన్నగారి పేరుతోనే ఉంటుంది. ముందు పేరు మార్పిడి చేయించండి, లేకపోతే పోర్టల్, ఆధార్, బ్యాంకు ఖాతా కలవవు. రెండు, పాతపట్నం, పార్వతీపురం, సాలూరు వైపు నుంచి తెలిసిన పనివాళ్లు తక్కువకు చేస్తామంటారు. భాష కలుస్తుంది, పని కూడా బాగుండొచ్చు. కానీ పోర్టల్‌లో మీ డిస్కమ్ కింద కనిపించే వెండరు కాకపోతే సబ్సిడీ రాదు. అలాగే సబ్సిడీకి దేశీయ గడులతో చేసిన డీసీఆర్ ప్యానెళ్లే వాడాలి. సామాను దిగిన రోజే ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫొటో తీసి, వెండరు ఇచ్చిన కాగితంలో అవే ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

వేడినీళ్లు

సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి లాంటి కొండ మీది ఊళ్లలో పుష్యమాసపు చలి తెలిసిన వాళ్లకు సోలార్ హీటరు ప్యానెళ్ల కన్నా ముందు పెట్టించవలసింది. బరంపురంలో మాత్రం రెండు నెలల చలికోసం 200 లీటర్లది కొనడం దండగ.

100 లీటర్ల నీటిని 30 డిగ్రీలు పెంచడానికి 3.5 యూనిట్ల శక్తి పడుతుంది. గీజరు వేసే ఇల్లు రోజూ కట్టేది అంతకు తక్కువ కాదు. రెండు చదరపు మీటర్ల కలెక్టరు (హీటరులో ఎండ వేడిని పట్టే భాగం) ఆ పని ఎండతో చేస్తుంది. అదే పనిని ప్యానెళ్లు, గీజరుతో చేయాలంటే ఐదు చదరపు మీటర్లు కావాలి. 60 డిగ్రీల నీటికి సమానంగా చన్నీళ్లు కలిపితే స్నానానికి సరిపోయే వెచ్చదనం. మనిషికి 25 లీటర్ల వేడినీళ్లంటే రెండు బకెట్ల పైన. నలుగురి ఇంటికి 100 లీటర్లు సరి.

రెండు రకాలున్నాయి. ఫ్లాట్ ప్లేట్‌లో నల్లపూత పూసిన రేకు కింద సన్నని రాగి గొట్టాలుంటాయి. ఇది గట్టిది, కోతులకు తట్టుకుంటుంది, ధర ఎక్కువ. గాజు గొట్టాలది చవక. 58 ఎంఎం లావు, 1800 ఎంఎం పొడవు గొట్టాలు 100 లీటర్లకు 10 నుంచి 12. రెండు పొరల గాజు మధ్య గాలి తీసేసి ఉంటుంది కాబట్టి చలి ఊళ్లలో వేడి తప్పించుకోదు. నిర్ణయం నీళ్లను బట్టి తీసుకోండి. కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటే బోరు నీళ్లయితే ఫ్లాట్ ప్లేట్ రాగి గొట్టాలు సున్నం పట్టి మూసుకుపోతాయి, అక్కడ గాజుదే మంచిది. ఊట నీళ్లు వచ్చే కొండ ఊళ్లలో ఏదైనా పర్లేదు.

వేడెక్కిన నీరు తేలికై పైకెళుతుంది, చన్నీరు కిందికి జారుతుంది. పంపు లేకుండా తిరిగేది అందుకే. ఈ తిరుగుడు ఎత్తుల మీద ఆధారపడింది కాబట్టి కొలతలు తప్పితే సామాను ఎంత మంచిదైనా లాభం లేదు:

1. ఫ్లాట్ ప్లేట్ అయితే వేడినీళ్ల ట్యాంకు కింది భాగం కలెక్టరు పై అంచుకన్నా కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రి నీరు వెనక్కి తిరిగి చల్లారిపోతుంది.
2. డాబా మీది చన్నీళ్ల ట్యాంకు అడుగు వేడినీళ్ల ట్యాంకు పైభాగం కన్నా ఇంకో 30 సెంటీమీటర్లు పైన. పాత ఇళ్లలో ఈ ఎత్తు ఉండదు, ట్యాంకుకు ఇటుక దిమ్మ కట్టించాలి.
3. చన్నీళ్ల ట్యాంకు నుంచి హీటరుకు విడి పైపు. బాత్‌రూం పైపు నుంచి కొమ్మ తీయకూడదు.
4. వేడినీళ్ల ట్యాంకు మీది గాలి గొట్టం చన్నీళ్ల ట్యాంకు నిండు మట్టం కన్నా అడుగు పైకి లేవాలి. దానికి మూత బిగించవద్దు. మూసేస్తే ఆవిరికి దారి లేక ట్యాంకు ఉబ్బుతుంది, నీళ్లు లాగేటప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది.
5. ప్రెషర్ పంపు ఉన్న ఇంటికి ప్రెషర్ తట్టుకునే మోడలే కొనాలి.

ట్యాంకు దగ్గర మొదటి మీటరు జీఐ (జింకుపూత ఇనుము) పైపు, ఆ తర్వాత సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్). తెల్లని మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడి కీళ్ల దగ్గర ఊడుతుంది. పైపు మీద నైట్రైల్ ఫోమ్ తొడిగి, ఎండకు పాడవకుండా టేపు చుట్టాలి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. బాత్‌రూం 16 మీటర్ల దూరంలో ఉంటే వేడినీళ్లు వచ్చేలోపు నాలుగు లీటర్ల చన్నీళ్లు పోతాయి. అందుకే హీటరు బాత్‌రూం నెత్తిన ఉండాలి, మెట్లపక్క కాదు.

గాజు గొట్టాలు బిగించేటప్పుడు మూతిని సబ్బునీళ్లతో తడిపి, మెల్లగా తిప్పుతూ రబ్బరు రింగులోకి తోయాలి. నూనె, గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి. మొదటిసారి నీళ్లు నింపేది తెల్లవారుజామునో పొద్దుగూకాకో. ఎండలో ఖాళీగా కాగిన గొట్టంలో చన్నీళ్లు పడితే గాజు టపటపా పగులుతుంది. ట్యాంకు ఎండిపోయి మధ్యాహ్నం మోటారు వేసిన రోజున కూడా జరిగేది ఇదే. గొట్టం కింది కొనలో వెండి మెరుపు మచ్చ పాలతెలుపుకు మారితే లోపలి శూన్యం పోయినట్టు, ఆ గొట్టం ఇక వేడెక్కించదు.

"పొద్దున్నే గోరువెచ్చగానే వస్తున్నాయి" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం డాబా మీద ఉండదు, బాత్‌రూంలో ఉంటుంది. మిక్సర్ కుళాయిలో లేదా పాత గీజరు కనెక్షన్‌లో చన్నీరు వేడి పైపులోకి దాటుతూ ఉంటుంది. పరీక్ష సులువు: హీటరుకు వచ్చే చన్నీళ్ల వాల్వు మూసి వేడి కుళాయి తిప్పండి. కాసేపటికి ధార ఆగాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో దాటుతోంది. దానికి నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు మందు.

ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ట్యాంకు బదులు తాను తుప్పు పడుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి తీసి చూసి, సగానికి అరిగితే మార్చండి. ఏడాదికోసారి ట్యాంకు అడుగు వాల్వు తెరిచి మడ్డి వదలండి. వేసవిలో వాడకం లేకపోతే నీళ్లు మరిగి ఆవిరి పోతుంది, సగం గొట్టాల మీద గోనెపట్టా కప్పితే సరి. కొండముచ్చుల బెడద ఉంటే గొట్టాల పైన జానెడు ఎత్తులో ఇనుప వల వేయించి, ఇంట్లో రెండు గొట్టాలు అదనంగా ఉంచుకోండి.

కడుగుడు, తుఫాను

ప్యానెళ్లను పొద్దు పొడవకముందే మెత్తని గుడ్డతో, ఉప్పులేని నీళ్లతో తుడవాలి. ఎండాకాలం పదిహేను రోజులకోసారి, వానల్లో అవసరం లేదు. కాలిన అద్దం మీద చన్నీళ్లు కొట్టొద్దు, సబ్బుపొడి వద్దు, కింది అంచున పాచి గీరడానికి ఇనుప పీచు అసలే వద్దు. మార్చిలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు 3.24 కిలోవాట్లకు 13 నుంచి 15 యూనిట్లు రావాలి. ఆ అంకె రాసి పెట్టుకోండి, మరుసటి మార్చితో పోల్చడానికి అదే కొలబద్ద.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు క్లాంపులన్నీ ఒకసారి బిగించండి. డాబా మీద పూలకుండీలు, విరిగిన కుర్చీలు, రేకుముక్కలు దించేయండి. అద్దాలు పగలగొట్టేది ఎక్కువగా అవే. కొబ్బరిగెలలు కోయించండి. గాలి మొదలవకముందే ఏసీ, తర్వాత డీసీ ఆపండి. హీటరు ట్యాంకు ఖాళీ చేయకండి, నిండుగా ఉన్న 100 కిలోలే దాన్ని పట్టి ఉంచుతాయి.

వెలిశాక పగిలిన ప్యానెళ్లను ఒట్టిచేత్తో ముట్టుకోకండి. వెలుతురు ఉన్నంతసేపు పగిలిన ప్యానెల్‌లోనూ కరెంటు ఉంటుంది, స్ట్రింగ్ తెగకుండా ఉంటే 300 వోల్టులు అలాగే ఉంటాయి. ముక్కలు ఎత్తాలంటే పొద్దు గూకాక, రబ్బరు గ్లవుజులతో. ఇన్వర్టరులోకి, డీసీ పెట్టెలోకి నీళ్లు చేరాయేమో తెరిచి చూసి, పూర్తిగా ఆరాక, స్ట్రింగ్ వోల్టేజి మళ్లీ కొలిచాకే స్విచ్చి వేయండి. 294 రావలసిన చోట 245 కనిపిస్తే ఏ ప్యానెల్ తెగిందో ఒక్కో కనెక్టరు దగ్గర వెతకండి. దొరికేదాకా డీసీ ఐసొలేటరు ఆపే ఉంచండి.